ఫుల్ ఇన్సూరెన్స్ అన్నారు, ఎంత ఫుల్లో బుడమేరు వచ్చాక తెలిసింది

ఐదుకి మూడున్నర. మా కారు పాలసీకి నేనిచ్చే మార్కులు ఇవి. కంపెనీ సర్వీసుకి మూడు, అది మాకు అంటగట్టిన ఏజెంటుకి ఒకటి, ఆ ఒకటి కూడా వరదలో ఫోన్ ఎత్తినందుకు. కంపెనీ పేరు రాయట్లేదు. నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా అంతే, కాగితం మీద బొమ్మ మారుతుంది, లోపలి సంగతి మారదు.

మాది విజయవాడ సింగ్ నగర్. ఇంక కథ సగం మీకు తెలిసిపోయి ఉంటుంది. 2024 ఆగస్టు 31 రాత్రంతా వాన, తెల్లారి ఆదివారం లేచి చూస్తే సందులో మోకాలి లోతు నీళ్ళు, మా పక్కనున్న బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయని తెలిసేలోపే కింద పార్కింగ్‌లో కారు స్టీరింగ్ దాకా మునిగింది. బయటికి తీద్దామన్నా ఎటు తీస్తాం? మా వారు ఉద్యోగం మీద హైదరాబాద్‌లో ఉన్నారు, నేనూ అత్తయ్యా పిల్లాడూ మేడ మీద. పాల ప్యాకెట్ కోసం పడవ వైపు చేతులు ఊపుతున్న ఆ టైములో కారు గురించి ఆలోచించానంటే నమ్మరు గానీ, ఆలోచించాను, ఇంకా ఈఎంఐలు ఉన్నాయి మరి.

మా తమ్ముడికి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. వాడు ఫోన్ చేసి మొదట పిల్లాడి గురించి అడిగాడు, రెండోది ఇది: "అక్కా, నీళ్ళు తగ్గినా సరే కారు తాళం ముట్టుకోకు. ఒక్కసారి తిప్పావంటే ఇంజిన్ పోతుంది, ఇన్సూరెన్సోళ్ళు కూడా ఇవ్వరు." అప్పుడు వాడి మాట సరిగ్గా అర్థం కాలేదు, వినడం మాత్రం విన్నాను. ఈ రివ్యూలో మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే అదే పెట్టుకోండి.

ఎందుకో చెప్తాను. మా పక్కింట్లో ఒక మాస్టారు ఉన్నారు, రిటైరయ్యారు, లెక్కలు చెప్పేవారు. ఆయన కారు మా కారు పక్కనే మునిగింది, ఆయనదీ మా లాంటి పాలసీయే. నీళ్ళు టైరు సగానికి దిగిన రోజు పాపం కంగారులో, ఎత్తుగా ఉన్న చోటికి జరుపుదామని తాళం తిప్పారు. లోపల టక్ మని ఒక శబ్దం వచ్చిందట, అంతే. ఇంజిన్ సిలిండర్లో గాలి అయితే నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు కదా, దాంతో పిస్టన్‌ని తోసే రాడ్డు వంగిపోయింది. ఇంజిన్ బిల్లు 1,38,000. కంపెనీ సీట్లకి ఇచ్చింది, వైరింగ్‌కి ఇచ్చింది, ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రూపాయి ఇవ్వనంది.

వాళ్ళ లెక్క ఇలా ఉంటుంది. నిలబడి ఉన్న కారులోకి నీళ్ళు వస్తే అది వరద, మామూలు ప్యాకేజీ పాలసీలో, అంటే మన కారుకీ ఎదుటివాళ్ళకీ కలిపి తీసుకునేదాంట్లో, వరద ఉంది, తుఫాను ఉంది, భూకంపం, పిడుగు, అగ్నిప్రమాదం, దొంగతనం, అల్లర్లు అన్నీ ఉన్నాయి. కానీ నీళ్ళు వచ్చాక మీరు స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోయింది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కాన్సీక్వెన్షియల్ లాస్. మాస్టారు నాలుగు మెయిళ్ళు పెట్టారు, వరద రాకపోతే నేను ఎందుకు స్టార్ట్ చేస్తాను బాబూ అని. న్యాయంగానే ఉంది. వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన సమాధానం మాత్రం నాలుగుసార్లూ ఒకటే. దీనికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే యాడ్ ఆన్, అంటే పైన ఇంకొంత కట్టి కలుపుకునేది, ఉంటుంది, మా లాంటి చిన్న కారుకి ఏడాదికి వెయ్యికి అటూ ఇటూ. మాకూ లేదు, ఆయనకీ లేదు, ఇద్దరికీ అమ్మింది ఒకే ఏజెంటు.

ఎదురింటి వాళ్ళ సంగతి ఇంకా ఘోరం. వాళ్ళు 2022 నవంబర్‌లో కొత్త కారు కొన్నారు. షోరూమ్‌లో ఇచ్చిన కాగితం మీద 2025 నవంబర్ దాకా అని ఉంది. ఇంకేం, మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు అనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు, ఆ మూడేళ్ళూ మన కారు గుద్ది ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే. మన కారుకి అయ్యే డ్యామేజీ భాగం చాలామందికి మొదటి ఏడాదికే ఇస్తారు, ఒకే కాగితం మీద రెండు తేదీలు ఉంటాయి, పెద్ద తేదీ మనకి కనిపిస్తుంది, చిన్నది కనిపించదు. వాళ్ళది 2023 నవంబర్‌లో అయిపోయింది. పది నెలల తర్వాత బుడమేరు వచ్చింది. పోలీసులు ఆపితే చూపించడానికి ఇన్సూరెన్స్ ఉంది, చట్టం దృష్టిలో అంతా సక్రమమే, కానీ మునిగిన కారుకి ఒక్క రూపాయి రాలేదు. ఆవిడ మా మెట్ల మీద కూర్చుని ఆ కాగితం నాకు చూపించి "చదువుకున్నోళ్ళం కూడా చూసుకోలేదమ్మా" అంది. ఇప్పుడే లేచి మీ కాగితం తీసి ఓన్ డ్యామేజ్ అన్న చోట ఏ తేదీ ఉందో చూడండి, ఈ రివ్యూ ఎక్కడికీ పోదు.

సరే, మా కారు. 2021 ఫిబ్రవరిలో కొన్నాం, పెట్రోలు, 1197 సీసీ. 2024 ఫిబ్రవరిలో కట్టిన ప్రీమియం 13,270. అందులో థర్డ్ పార్టీ 3,416, అది ప్రభుత్వం పెట్టిన రేటు, ఎవరి దగ్గర కొన్నా అంతే, బేరం ఉండదు. పద్దెనిమిది శాతం జీఎస్టీ. మిగతాది మన కారుకి, దాంతోపాటు జీరో డిప్రిసియేషన్, మనవాళ్ళు బంపర్ టు బంపర్ అంటారే, పార్టులు పాతబడ్డాయని కోత వేయకుండా ఇచ్చేది, అదీ.

సెప్టెంబర్ 3న మేడ మీద నుంచే క్లెయిమ్ చెప్పాను, ఫోన్లో పదకొండు శాతం ఛార్జింగ్ ఉంది. కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ "వాహనాన్ని సురక్షిత ప్రదేశానికి తరలించండి మేడమ్" అంది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెట్ల మీద నుంచి నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో కనపడేలా ఫోటోలు తీసి పెట్టాను, నంబర్ ప్లేటు కనపడదు కాబట్టి వెనక అద్దం మీద ఉన్న మా పిల్లాడి స్టిక్కర్ పడేలా తీశాను. తర్వాత నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయర్ మొదట అడిగింది ఆ ఫోటోలే. ఆర్సీ కార్డు డ్యాష్ బోర్డులోనే తడిసి ముద్దయింది, డిజిలాకర్‌లో ఉంది కాబట్టి బతికిపోయాం. వినాయక చవితి నీళ్ళల్లోనే అయిపోయింది, 10వ తేదీకి గానీ టోయింగ్ బండి మా సందులోకి రాలేకపోయింది. వాడు 4,500 తీసుకున్నాడు. పాలసీలో టోయింగ్‌కి ఇచ్చేది 1,500 మాత్రమే, అది ఏనాడు పెట్టిన లెక్కో ఏమో. రోడ్ సైడ్ అసిస్టెన్స్ విడిగా తీసుకుని ఉంటే ఫ్రీగా వచ్చేదేమో, మాకు లేదు.

షోరూమ్‌లో స్థలం లేదు, వాళ్ళు ఎక్కడో ఖాళీ స్థలం అద్దెకి తీసుకుని కార్లు వరసగా పెట్టారు, బురద కొట్టుకున్న కార్లు, అద్దాల లోపల ఆవిరి, ఒక్కో దానిమీద మార్కర్‌తో రాసిన నంబరు. మాది 117. సర్వేయర్ 14వ తేదీన వచ్చాడు. ఆయన మీద నాకు కోపం లేదు, రోజుకి ఇరవై కార్లు చూస్తున్నానమ్మా అన్నాడు, చొక్కా అంతా బురద, టీ ఇస్తే నిలబడే తాగాడు.

ఇక్కడే అసలు పేచీ. షోరూమ్ వాళ్ళు మొదట వేసిన ఎస్టిమేట్ 3,32,000. మా పాలసీలో కారు విలువ, ఐడీవీ అంటారు, 4,20,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క, అంటే మాకు 3,15,000 దాటితే చాలు, కారు వాళ్ళకి వదిలేసి వెయ్యి తీసి మిగతా 4,19,000 ఇచ్చేస్తారు. నేను ఆ డబ్బు మీద ఆశలు కూడా పెట్టేసుకున్నాను. మునిగిన కారు మళ్ళీ నమ్మి ఎక్కలేం, ఏ రోజు ఏ వైరు ఆగిపోతుందో ఎవరికి తెలుసు. సర్వేయర్ మాత్రం ఇవన్నీ మార్చనక్కర్లేదు, ఎండబెట్టి టెస్ట్ చేసి చూడండి, పనిచేయనివే మార్చండి అన్నాడు. తాళం తిప్పలేదు కాబట్టి ఇంజిన్ బాగుంది, సైలెన్సర్లోకి, ఎయిర్ ఫిల్టర్లోకి వచ్చిన నీళ్ళు తీసేసి ఆయిల్ మార్చి కడిగితే సరిపోయింది. బిల్లు చివరికి 2,12,600 దగ్గర ఆగింది. అంటే నేను బుద్ధిగా తాళం ముట్టుకోకపోవడం వల్లే నాకు టోటల్ లాస్ రాలేదు! తమ్ముడితో ఈ మాట అంటే తిట్టాడు, తిప్పి ఉంటే ఇంజిన్ ఖర్చుని వాళ్ళు లెక్కలోకే తీసుకునేవాళ్ళు కాదు, రెంటికీ చెడేదానివి అన్నాడు. నిజమే.

ఐడీవీ అంటే గుర్తొచ్చింది. రెన్యువల్ అప్పుడు "ప్రీమియం తగ్గిద్దామా మేడమ్" అని అడుగుతారే, చాలాసార్లు వాళ్ళు తగ్గించేది ఈ ఐడీవీనే. ఏడొందలు మిగిలాయని సంబరపడతాం, కారు పోయిన రోజు నలభై వేలు తగ్గుతాయి. కొత్తలో ఏడు లక్షలు పెట్టి కొన్న కారు ఐదో ఏడు వచ్చేసరికి వాళ్ళ పట్టిక ప్రకారం సగం విలువకి వస్తుంది, మనం ఇంకా తగ్గించి ఇవ్వడం ఎందుకు.

ఇప్పుడు ఆ 2,12,600 లో నా జేబు నుంచి పోయింది ఎంత అన్నది. వైరింగ్, దాని ఎలక్ట్రానిక్ బాక్సు అంతా కలిపి 96,000, అదే పెద్ద దెబ్బ, అది పూర్తిగా ఇచ్చారు. సీట్లు, కార్పెట్లు, తలుపుల లోపలి ప్లాస్టిక్ 54,000, అదీ ఇచ్చారు, జీరో డెప్ పుణ్యమా అని. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ దేనికైనా సగమే ఇస్తారు, కారు నిన్న కొన్నదైనా సరే సగమే. ఇనప సామాన్లకి వయసుని బట్టి కోత, మా కారుకి నాలుగో ఏడు నడుస్తోంది కాబట్టి పాతిక శాతం. అద్దాలకి మాత్రం కోత లేదు. అంటే ఆ 54,000 మీదే ఇరవై ఏడు వేలు నా నెత్తిన పడేవి, నేను జీరో డెప్‌కి కట్టింది 1,900. పాలసీకి మార్కులు వేసింది దీన్ని చూసే. స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటరు, ఏసీ బ్లోయరు, బ్రేకులు ఇలాంటివి 31,400, కూలీ 18,000, అవీ వచ్చాయి.

రానివి: ఇంజిన్ ఆయిల్, కూలెంట్, గ్రీజు, క్లిప్పులు, నట్లు అన్నీ కలిపి 7,600, వాటిని కన్స్యూమబుల్స్ అంటారట, వాడితే అయిపోయేవి కాబట్టి ఇవ్వరు, దానికీ ఇంకో యాడ్ ఆన్. బ్యాటరీ 5,600 అయితే సగం. బంపర్ టు బంపర్ కదా అన్నాను, బ్యాటరీకీ టైర్లకీ అది వర్తించదని మా పాలసీలోనే రాసుంది, చూపించాడు, పన్నెండో పేజీలో. తప్పనిసరి కోత వెయ్యి, 1500 సీసీ లోపు కార్లన్నిటికీ ఉండేదే. మొత్తం 11,400 కట్టి కారు తెచ్చుకున్నాం, కంపెనీ 2,01,200 షోరూమ్‌కి నేరుగా కట్టింది. టోయింగ్ మీద పోయిన మూడు వేలు వేరే.

బిల్లులోకే ఎక్కనివి ఇంకో రెండు. మా వారు ముచ్చటపడి బయట షాపులో పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్ 22,000, సీట్ కవర్లు 6,500. కంపెనీ నుంచి కారుతో వచ్చినవి కావు, పాలసీలో రాయించలేదు, కాబట్టి వాళ్ళ దృష్టిలో అవి లేనే లేవు. రాయించి నాలుగు శాతం ప్రీమియం కడితే మ్యూజిక్ సిస్టమ్ వచ్చేది, 880 రూపాయలు. బయట గ్యాస్ కిట్ పెట్టించుకున్నవాళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగా చదవండి, దాన్ని ఆర్సీలోనూ పాలసీలోనూ ఎక్కించకపోతే కిట్ ఒక్కటే కాదు, మొత్తం క్లెయిమే పేచీలో పడుతుంది.

సర్వీసుకి మూడే ఎందుకంటే, నవంబర్ 12న ఇచ్చారు కారు. రెండు నెలలు. పార్టులు రాలేదు అంటారు షోరూమ్ వాళ్ళు, అప్రూవల్ రాలేదు అంటారు, కంపెనీని అడిగితే షోరూమ్ బిల్లు పెట్టలేదు అంటారు. వేల కార్లు మునిగాయి, అది నాకూ తెలుసు. కానీ ప్రతిసారీ కొత్త మనిషి ఫోన్ ఎత్తి "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి మేడమ్" అంటే విసుగొస్తుంది. ఆ రెండు నెలల ఆటో ఛార్జీలు పాలసీలో లేవు, అడిగాను కూడా, సిగ్గుపడకుండా. చివర్లో ఒకసారి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి, ఆఫీసు ఉంది, మన రెండు రాష్ట్రాలకీ అదే, అక్కడ రాసుకుంటాను అన్నాను. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నెల ఆగాలి, వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. నేను పోలేదు, ఆ పేరు ఎత్తాక వారంలో కారు వచ్చింది. మాస్టారు పోతానంటున్నారు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. 2022లో బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో తగిలి బంపర్ గీసుకుపోతే 4,600 బిల్లుకి క్లెయిమ్ చేశాను, వెయ్యి పోను 3,600 వచ్చింది, తెలివైనదాన్ని అనుకున్నాను. క్లెయిమ్ చేయని ఏడాదికి ఇచ్చే తగ్గింపు, ఎన్సీబీ, ఇరవైతో మొదలై పాతిక, ముప్పై ఐదు, నలభై ఐదు, యాభై శాతం దాకా పోతుంది, ఒక్క క్లెయిమ్‌తో మళ్ళీ సున్నా. నాకు 2023లో రెండు వేలు, 2024లో వెయ్యి యాభై పోయాయి. అంటే అంత తెలివికి మిగిలింది ఐదొందల యాభై. చిన్న గీతలకి క్లెయిమ్ పెట్టకండి, మా తమ్ముడి షెడ్డు లాంటి చోట ఇంకా తక్కువకే అయిపోతుంది.

మిగతావి అందరికీ తెలిసినవే, అయినా చెప్తాను. తాగి నడిపితే రాదు, లైసెన్స్ అయిపోయినా రాదు, మామూలుగా అరిగిపోయిన క్లచ్చుకీ, ఎండకి పాడైన ఏసీకీ రాదు. టైరు ఒక్కటే పగిలితే రాదు, దాంతోపాటు కారుకి ఇంకేదైనా అయితేనే సగం. తెల్ల ప్లేటు కారుని ఊరికే పడి ఉంది కదా అని ట్రావెల్స్ వాళ్ళకి అద్దెకి ఇస్తున్నారు చూడండి, దానికి ఏదైనా అయితే సొంత కారు పాలసీ పనికిరాదు. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్ళు పద్నాలుగు రోజుల్లో పాలసీ తమ పేరుకి మార్పించుకోవాలి, పాత ఓనరు పేరు మీదే ఉంటే మీ కారు డ్యామేజీకి మీరు ఎవరో వాళ్ళకి తెలియదు. థర్డ్ పార్టీ వైపు మనిషి ప్రాణానికి పరిమితి లేదు, కోర్టు ఎంతంటే అంత, ఎదుటివాళ్ళ ఆస్తికి ఏడున్నర లక్షల దాకా. నడిపే ఓనరుకి అందులో ఏమీ ఉండదు, ఆయనకి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా ఉంటుంది, మూడొందల చిల్లర, అది వద్దని కొట్టేయించకండి.

ఏజెంటుకి ఒక్క మార్కు వేశాను కదా. అబ్బాయి చెడ్డవాడు కాదు, మా పిన్నిగారి తరఫు బంధువే. "ఫుల్ ఇన్సూరెన్స్ అక్కా, మీరు చూసుకోనక్కర్లేదు" అన్నాడు మూడేళ్ళూ. ఫుల్ ఇన్సూరెన్స్ అన్న మాట పాలసీ కాగితంలో ఎక్కడా లేదు, నేను మొత్తం వెతికాను. మనకి మెయిల్లో వచ్చేది రెండు పేజీల షెడ్యూలు, ఏమేం ఇవ్వరో ఉండేది వేరే పుస్తకంలో, పాలసీ వర్డింగ్స్ అంటారు, దాన్ని వెబ్‌సైటులో మనం దింపుకోవాలి, అదీ ఇంగ్లీషులో, చీమల బారులా అక్షరాలు. బుడమేరు పక్కన ఇల్లున్న మనిషికి ఇంజిన్ ప్రొటెక్షన్ గురించి చెప్పలేదంటే అతనికీ తెలిసి ఉండదని నా అనుమానం.

2025 ఫిబ్రవరిలో రెన్యువల్ వచ్చింది. ఎన్సీబీ సున్నా. ఇంజిన్ ప్రొటెక్షన్ 950, కన్స్యూమబుల్స్ 450 కలిపాను, జీరో డెప్ ఉంచాను, మొత్తం 15,748 అయింది. ఇంజిన్ ప్రొటెక్షన్ ఉన్నా, మునిగిందని తెలిసి తెలిసి స్టార్ట్ చేస్తే కొన్ని పాలసీల్లో ఇవ్వరు, అదీ చదివే తీసుకున్నాను. మ్యూజిక్ సిస్టమ్ మళ్ళీ పెట్టించలేదు, ఫోన్లోనే పాటలు.

ఏజెంటు అబ్బాయి ఫోన్ చేసి "ఈసారి నిజంగా ఫుల్ ఇన్సూరెన్స్ అక్కా" అన్నాడు. వర్డింగ్స్ పంపించు తమ్ముడూ అన్నాను. "అవి ఎక్కడ ఉంటాయక్కా?" అన్నాడు.